వైజాగ్ చుట్టుపక్కల కొండలు ఒక్కపూటలో ఎక్కి దిగడం ఎలా?

"సింహాచలం మెట్లెక్కడానికి ఎంతసేపు పడుతుంది?", "పిల్లల్ని తీసుకుని తొట్లకొండకి నడిచి వెళ్లొచ్చా?", "కంబాలకొండలో ఒక్కడినే తిరగొచ్చా?" నన్ను తరచూ అడిగే ప్రశ్నలు ఇవే. హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చేవాళ్లు అడుగుతారు. ఇరవై ఏళ్లుగా వైజాగ్‌లోనే ఉండి ఒక్కసారి కూడా కొండెక్కనివాళ్లూ అడుగుతారు. అందుకే నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

మన కొండలు పెద్ద ఎత్తేమీ కాదు. సింహాద్రి అప్పన్న గుడి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది. తొట్లకొండ ఎత్తు 128 మీటర్లే. ఈ అంకెలు చూసి "ఇంతేనా" అనుకుని తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరతారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! జిమ్‌లో గంటసేపు పరుగెత్తే కుర్రాళ్లు కూడా ఇక్కడ సగం మెట్ల దగ్గర కూలబడటం నేను చూశాను. కాబట్టి "ఎంత ఎత్తు?" అని తర్వాత అడుగుదురుగాని, "ఎన్ని గంటలకల్లా కిందికి వచ్చేస్తాను?" అన్నది ముందు తేల్చుకోండి. కింద చెప్పేదంతా ఆ లెక్క చుట్టూనే ఉంటుంది.

కావలసినవి

• మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఇద్దరికి కలిపి ఒక పెద్ద బాటిల్ అంటే కుదరదు. ఎవరి నీళ్లు వాళ్లే మోసుకోవాలి.
• ఉప్పు వేసిన మజ్జిగ గానీ, ఓఆర్ఎస్ ప్యాకెట్ గానీ. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, అంచుకి సమంగా కొలిచింది. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చేతి అంచనాతో వేయకండి.
• అడుగున పట్టు ఉన్న బూట్లు. కొత్త బూట్లు ఆ రోజే వేసుకోకండి.
• టోపీ, చిన్న తువ్వాలు, ఫుల్ ప్యాంటు. తుప్పల్లో ముళ్లు గీసుకుంటాయి, కాబట్టి నిక్కరు వద్దు. గుడికి కూడా వెళ్లేట్టయితే సంచిలో పొడి చొక్కా ఒకటి పెట్టుకోండి.
• టార్చిలైటు. ఫోన్ లైటు చాలదు. చార్జింగ్ అయిపోతే లైటూ ఉండదు, ఫోనూ ఉండదు.
• తినడానికి అరటిపళ్లు, వేరుశనగ ఉండలు లాంటివి. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి.

మా అమ్మ పద్ధతి ఇంకోటుంది. బయల్దేరే ముందు ఒక గ్లాసు పల్చటి చోడి (రాగి) అంబలి. కడుపు బరువుండదు, రెండు గంటలదాకా ఆకలెయ్యదు. నాకు ఇడ్లీ కంటే ఇదే బాగా పనిచేసింది.

దశ 1: మీకు సరిపడే కొండ ఎంచుకోండి

మొదటిసారైతే కైలాసగిరి మెట్ల దారి పట్టండి. కిందే బీచ్ రోడ్డు, పైన పార్కు, మంచినీళ్లు, మనుషులు. ఏ క్షణాన వద్దనుకున్నా వెనక్కి రావచ్చు. మోకాళ్లు పట్టేస్తే రోప్‌వే నడిచే వేళల్లో దాంట్లో దిగొచ్చు. దీన్ని పరీక్ష కొండ అనుకోండి.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే తొట్లకొండ. భీమిలి బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర ఉంటుంది. పైదాకా రోడ్డుంది కాబట్టి ఓపిక ఉన్నవాళ్లు నడుస్తారు, లేనివాళ్లు బండిలో వస్తారు, అందరూ పైన కలుసుకుంటారు. నీళ్లు నిలవ చేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వల్లే ఆ పేరొచ్చింది. 1976లో నౌకాదళం వాళ్లు విమానంలో సర్వే చేస్తుండగా ఈ చోటు బయటపడింది. 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిపారు. ఒక తొట్టి అంచున నిలబడి లోపలికి చూడమని పిల్లలకి చెప్పండి. రెండు వేల ఏళ్ల కిందట వానాకాలం నీళ్లని వేసవికి ఎలా దాచుకున్నారో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. ఒక్క ఇబ్బంది, గేటు తెరిచాకే లోపలికి వెళ్లగలం. అందువల్ల ఎండాకాలంలో దీన్ని సాయంత్రానికి పెట్టుకోవడం మేలు.

మెట్లు కావాలంటే సింహాచలం. అడివివరం వైపు తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. సుమారు వెయ్యి మెట్లు. మామూలు మనిషికి ముప్పావు గంట నుంచి గంటన్నర. మొక్కున్నవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతారు. వాళ్ల పక్కనుంచి జాగ్రత్తగా వెళ్లండి, పెట్టిన పసుపు తొక్కకండి.

అడవి దారి కావాలంటే రెండున్నాయి. ఒకటి మాధవధార నుంచి కొండ దాటి అప్పన్న గుడి దగ్గరికి దిగే పాత రాతి మెట్ల దారి. రెండోది హనుమంతవాక దాటాక జాతీయ రహదారి పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యం. దీని విస్తీర్ణం 71 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ చిరుతలు కూడా ఉన్నాయి. కాబట్టి రెండో మాట లేకుండా చెప్తున్నాను: ఒంటరిగా వద్దు. టికెట్ తీసుకునేచోటే అటవీశాఖ సిబ్బందిని అడిగి, వాళ్లు వెళ్లమన్న దారిలోనే వెళ్లండి.

డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంత ఊరించినా మీ అంతట మీరు దారి వెతుక్కుంటూ ఎక్కకండి. అది నౌకాదళం అధీనంలో ఉన్న ప్రాంతం.

దశ 2: వారం ముందు ఇంట్లోనే పరీక్ష చేసుకోండి

అపార్ట్‌మెంట్ మెట్లు లెక్కపెట్టండి. మూడంతస్తులకి అరవై మెట్లు ఉన్నాయనుకుందాం. ఐదుసార్లు ఎక్కి దిగితే మూడొందలు. ఐదోసారి ఎక్కుతూ ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడి చూడండి. పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే సింహాచలానికి సిద్ధం. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఇంకో పది రోజులు ఇదే చేయండి.

మర్నాడు పొద్దున మంచం దిగగానే మోకాలు చూసుకోండి. కండ నొప్పైతే పర్లేదు, రెండ్రోజుల్లో పోతుంది. మోకాలి చిప్ప కిందో, కీలు లోపలో పొడిచినట్టుంటే మాత్రం కొండ వాయిదా వేసుకోండి. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే బయల్దేరాలి.

దశ 3: రోజు, వేళ ఖాయం చేసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా హాయిగా ఉంటుంది. మార్చి నుంచి జూన్ వరకు ఎక్కకూడదని కాదు గానీ, చీకటితో మొదలుపెట్టాలి. వానాకాలంలో కొండలు పచ్చగా, చూడముచ్చటగా ఉంటాయి, దారులు మాత్రం నూనె రాసినట్టు జారుతాయి. అక్టోబరులో తుపాను కబురుందేమో చూసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ కొండల మీద చెట్లు ఎలా విరిగిపడ్డాయో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు.

మనకి సూర్యోదయం జూన్‌లో ఐదున్నర లోపే, డిసెంబరు, జనవరిల్లో ఆరున్నర ప్రాంతంలో. మెట్ల దారికైతే సూర్యోదయానికి అరగంట ముందు కొండ కింద ఉండండి. అడవి దారికి మాత్రం వెలుతురు వచ్చాకే అడుగు పెట్టండి. అక్కడ చీకటిలో పాముని తొక్కే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అసలు లెక్క. బయల్దేరే ముందే "వెనక్కి తిరిగే టైం" ఒకటి రాసిపెట్టుకోండి. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది, చలికాలంలో తొమ్మిదిన్నర. ఆ టైంకి ఎక్కడున్నా, పైకి ఇంకో యాభై మెట్లే ఉన్నాయని ఎవరన్నా, వెనక్కి తిరగాలి. సింహాచలంలో పైకి చేరితే నీడుంది, బస్సుంది కాబట్టి అక్కడ కొంచెం సడలించుకోవచ్చు. మాధవధార, కంబాలకొండల్లో అస్సలు సడలించొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి మా బావని మాధవధార మెట్లెక్కించాను. హైదరాబాద్ మనిషి, రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాడు. ఏప్రిల్ నెల. ఫొటోలు తీసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ తొమ్మిదిన్నర చేశాం. ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. అడిగితే "ఏం లేదు" అన్నాడు గానీ, బాటిల్ మూత తిప్పబోతే వేళ్లు పట్టు చిక్కడం లేదు. మూత జారిపోయి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. అప్పుడు అర్థమైంది నాకు. చెట్టు నీడలో పడుకోబెట్టి, తువ్వాలు తడిపి మెడకీ చంకలకీ పెట్టి, ఉప్పు కలిపిన నీళ్లు గుక్కగుక్కగా పట్టించాను. దిగడానికి గంటన్నర పట్టింది. ఆ రోజు వెనక్కి తిరిగే టైం పెట్టుకుని ఉంటే ఎనిమిదింటికే వెనక్కి తిరిగి, ఆ వేళకి కింద టీ తాగుతూ ఉండేవాళ్లం.

దశ 4: ఎవరికైనా చెప్పి వెళ్లండి

ఏ కొండ, ఏ వైపు నుంచి, ఎన్నింటికి దిగుతాం, ఈ మూడూ ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. "పదకొండు దాటితే ఫోన్ చెయ్యి" అని కూడా రాయండి. కొండ వెనక్కి వెళ్తే కొన్నిచోట్ల సిగ్నల్ అందదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దశ 5: ఎక్కేటప్పుడు

మొదటి పది నిమిషాలు కావాలనే నెమ్మదిగా నడవండి. అందరూ చేసే తప్పు ఇక్కడే. ఉత్సాహంతో మొదటి రెండొందల మెట్లు పరుగున ఎక్కేస్తారు, ఆ తర్వాత ప్రతి ఇరవై మెట్లకీ కూర్చుంటారు. అపార్ట్‌మెంట్‌లో చేసిన మాటల పరీక్షే ఇక్కడా చేయండి. పక్కవాళ్లతో మాట్లాడలేకపోతే వేగం తగ్గించాలి.

మెట్టు మీద పాదం మొత్తం ఆనించండి. మునివేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి.

దాహమేసేదాకా ఆగకండి. పదిహేను నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు. ఒకేసారి అర లీటరు తాగితే కడుపులో నీళ్లు కదులుతూ వికారంగా ఉంటుంది. సగం నీళ్లు అయిపోయాయి, ఇంకా సగం దారి కూడా ఎక్కలేదు అంటే, అది కూడా వెనక్కి తిరగాల్సిన గుర్తే.

అడవి దారిలో పట్టు కోసం రాతి సందుల్లో చెయ్యి పెట్టకండి. దుంగ దాటేముందు అవతల ఏముందో చూసి కాలు వేయండి. మన కొండల్లో ఎక్కువగా కనిపించే ఎర్రటి రాయి పైన పెచ్చులూడి పొడిపొడిగా ఉంటుంది. గట్టి రాయే కదా అని కాలు వేస్తే ఇసక మీద వేసినట్టు జారుతుంది. ముందు బూటు కొనతో తట్టి చూడండి.

కోతులు కనిపిస్తే చేతిలో తిండి, ప్లాస్టిక్ కవరు పట్టుకోకండి. కవరు చప్పుడు వింటే చాలు, మీదికొస్తాయి.

దశ 6: పైకి చేరాక

ఇరవై నిమిషాలు చాలు. చెమట తుడుచుకుని ఏదైనా తినండి. సింహాచలంలో దర్శనం చేసుకునేట్టయితే క్యూ ఎంత ఉందో ముందు కనుక్కోండి. గంటన్నర క్యూలో నిలబడి, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం మెట్ల మీద దిగడం చాలామంది చేసే పొరపాటు. దర్శనం ఆలస్యమైతే దేవస్థానం బస్సులో దిగిపోండి, అందులో నామోషీ ఏం లేదు. చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఎండెక్కితే రాయి కాలుతుంది, అరికాళ్లు బొబ్బలెక్కుతాయి.

సీజన్‌లో కొండ మీద పండిన అనాస కోసి అమ్ముతుంటారు. ఉప్పూకారం చల్లిన ఒక ముక్క తినండి. నీళ్లు, తీపి, ఉప్పు మూడూ ఒకేసారి అందుతాయి.

అక్షయ తృతీయనాడు చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. ఈ రెండు సందర్భాల్లో భక్తితో వెళ్లండి గానీ, ట్రెక్కింగ్ కోసం మాత్రం వేరే రోజు చూసుకోండి. కాలు పెట్టే చోటుండదు.

దశ 7: దిగేటప్పుడు

ఊపిరి ఎక్కేటప్పుడు ఆడదు, మోకాలు దిగేటప్పుడు దెబ్బ తింటుంది. అడుగులు చిన్నవి వేయండి. మోకాలు బిగించి నిటారుగా వేయకుండా కొంచెం వంచి ఉంచండి. ఏటవాలు ఎక్కువున్నచోట ఒక పక్కకి తిరిగి దిగండి. చేతిలో ఒక కర్ర ఉంటే కొంత బరువు అది మోస్తుంది. బూట్ల లేసులు దిగే ముందు ఇంకోసారి బిగించండి, లేకపోతే బొటనవేలు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడుతుంది. ఫోన్ జేబులో పెట్టండి. తడి ఆకుల మీద, పాకుడు పట్టిన మెట్ల మీద, గెడ్డ (వాగు) దాటేచోట ఒక్కొక్కరే వెళ్లండి.

మాధవధార నుంచి ఎక్కి సింహాచలం వైపు దిగేవాళ్లకి ఒక సంగతి. మీ బండి మాధవధారలోనే ఉండిపోతుంది! ఆటోకో బస్సుకో డబ్బులు ఉంచుకోండి, లేదా బస్సులోనే వచ్చి మొదలుపెట్టండి.

దశ 8: ఏదైనా జరిగితే

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, పిక్కలు పట్టడం ఎండదెబ్బకి తొలి గుర్తులు. వెంటనే ఆగి నీడలో కూర్చోబెట్టండి, ఒళ్లు తడపండి, ఉప్పు పంచదార నీళ్లు ఇవ్వండి. తేరుకున్నాక కిందికే, పైకి వద్దు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. వచ్చేదాకా నీళ్లు చల్లుతూ, విసురుతూ ఉండండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చేయకండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. కరిచిన భాగం కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకుని దింపి ఆసుపత్రికి చేర్చండి. పాముని వెతుకుతూ టైం పోగొట్టుకోవద్దు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఒక్కసారిగా మబ్బు పట్టి ఉరుములు మొదలవుతాయి. ఉరుము వినిపించగానే శిఖరం వదిలి దిగండి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి.

కొంచెం దూరం వెళ్లగలిగితే: వంజంగి

మబ్బుల సముద్రం చూడాలనుకునేవాళ్లు పాడేరు దగ్గర వంజంగి కొండకి వెళ్తున్నారు. వైజాగ్ నుంచి వంద కిలోమీటర్ల పైనే. ఘాట్ రోడ్డు కాబట్టి మూడు గంటలు పెట్టుకోండి. ఇక్కడి లెక్క పూర్తిగా వేరు. ఉక్కపోత బదులు చలి. డిసెంబరు, జనవరిల్లో స్వెటరు, చెవులకి మఫ్లరు లేకుండా పైన అరగంట నిలబడలేరు. సూర్యోదయానికి కొండ కిందికి చేరితే ఏమీ కనబడదు, ఆ వేళకి పైన ఉండాలి. రాత్రంతా ఘాట్‌లో డ్రైవ్ చేసి నిద్రలేకుండా ఎక్కడం కంటే ముందురోజే పాడేరు చేరి పడుకోవడం మంచిది. మబ్బులు రోజూ ఉంటాయనే హామీ లేదు. దారిలో గిరిజనుల పొలాలుంటాయి, పంట తొక్కకండి. అక్కడ పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఖాళీ సంచి తీసుకెళ్లమని పైన రాసింది అందుకే.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఇంటికొచ్చాక మూడు విషయాలు గమనించండి.

మొదటిది మూత్రం రంగు. లేత పసుపైతే నీళ్లు సరిపోయాయి. ముదురు పసుపైతే తక్కువ తాగారు, వచ్చేసారి అర లీటరు ఎక్కువ తీసుకెళ్లండి.

రెండోది బరువు. వెళ్లేముందు, వచ్చాక తూకం చూడండి. కిలో తగ్గితే అది కొవ్వు కరగడం కాదు, దాదాపు లీటరు నీళ్లు పోయాయని అర్థం. సంతోషపడకుండా, రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా తాగి భర్తీ చేసుకోండి.

మూడోది టైం. దిగుతామని ఇంట్లో మెసేజ్ పెట్టిన వేళకి, నిజంగా దిగిన వేళకి ఎంత తేడా వచ్చింది? ఇరవై నిమిషాలు దాటితే కారణం వెతకండి. ఎక్కువసార్లు అది ఆలస్యంగా బయల్దేరడమో, ఫొటోలో అవుతుంది.

మూడూ బాగుంటే రెండు వారాల తర్వాత ఇంకో మెట్టు పైకి వెళ్లొచ్చు. కైలాసగిరి అయినవాళ్లు సింహాచలం, సింహాచలం అయినవాళ్లు దారి తెలిసినవాళ్లతో కలిసి మాధవధార. మొదటిసారి మాధవధార వెళ్లేవాళ్లు కనీసం నలుగురు కలిసి, ఆదివారం పొద్దున్నే వెళ్లండి. ఆ రోజు ఊళ్లోవాళ్లు కూడా ఎక్కుతుంటారు, దారి తప్పినా అడగడానికి మనిషి కనిపిస్తాడు.